ఐదు రౌండ్లు

కరస్పాండెంటు గదిలోకి పిలిచి కాఫీ ఇచ్చారంటే ఏదో తీసుకోబోతున్నారని నాగవల్లికి తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఆ గదిలో ఆమెకు మూడుసార్లు కాఫీ దొరికింది. మొదటిసారి కొత్త తరగతి గదుల కోసం, రెండోసారి స్కూలు బస్సుల షెడ్డు కోసం, మూడోసారి రోడ్డు వైపు కట్టిన షాపుల కోసం. మూడుసార్లూ పోయింది ఆటస్థలమే. జూన్ రెండో వారంలో నాలుగో కాఫీ వచ్చింది.

“కూర్చో అక్కయ్యా,” అన్నాడు కరస్పాండెంటు భవానీప్రసాద్.

అతను సిమెంటు డీలరు. జగ్గయ్యపేటలో ఈ హైస్కూలు నడిపే ట్రస్టు వాళ్ల నాన్న పెట్టింది. మెయిన్ బజారులో వాళ్ల నాన్న కొట్టూ, నాగవల్లి నాన్న బట్టల కొట్టూ పక్కపక్కనే ఉండేవి. అందుకని అతనికి ఆమె చిన్నప్పటి నుంచీ అక్కయ్యే. ఊళ్లో మిగతా అందరికీ డ్రిల్లు టీచరు.

“మిగిలిన గ్రౌండు కూడా కట్టేద్దామనుకుంటున్నాం. మూడంతస్తులు. అన్నీ ఏసీ గదులే.”

“మరి పిల్లలు ఎక్కడ పరిగెత్తాలి?”

“పాత బిల్డింగు డాబా మీద. చుట్టూ మెష్ కొట్టిస్తాలే. నిజం చెప్పాలంటే ఈ ధైర్యం నాకు నువ్విచ్చిందే.”

“నేనా?”

అతను కిటికీలోంచి వరండా గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ నల్లరంగు పూసిన చదరంలో తెల్లటి అక్షరాలున్నాయి. ఐదు రౌండ్లు, బాలికలు: 1997, పుష్పవతి, 6 నిమిషాల 10 సెకన్లు. దాని కింద పోయిన జనవరిలో నాగవల్లే స్వయంగా కుంచె పట్టుకుని రాసిన కొత్త వరస: దేవిశ్రీ, 6 నిమిషాల 8 సెకన్లు. దేవిశ్రీ ఆ పుష్పవతి కూతురే.

“మూడుసార్లు గ్రౌండు కోశాం. కోసినప్పుడల్లా నువ్వు మొహం మాడ్చుకున్నావు. ఏమైంది? పిల్లలు తగ్గారా? లేదే! తల్లి రికార్డు కూతురు కొట్టింది. అంటే గ్రౌండుకీ దమ్ముకీ సంబంధం లేదన్నమాట. ఇది నా మాట కాదక్కయ్యా, నువ్వు రాసిన రాత. ఇవాళ్టికి పదోరోజు కమిటీ మీటింగు. అక్కడ కూడా నీ బోర్డే చూపిస్తా.”

కాఫీ మీద మీగడ కట్టింది. నాగవల్లి నోరు తెరిచి ఒక్క మాట చెబితే అతని వాదన అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ మాట చెబితే ఆమె ముప్ఫై ఏళ్లు కూడా దాంతోపాటే కూలిపోతాయి. ఆమె లేచి వచ్చేసింది.

*

బట్టల కొట్టువాళ్ల ఇంట పుట్టిన పిల్ల బీపీఈడీ చదివి విజిలు మెళ్లో వేసుకోవడం ఆ రోజుల్లో బజారంతా చెప్పుకుని నవ్వుకునే సంగతి. పెళ్లి సంబంధాలు కూడా దానివల్లే రెండు తప్పిపోయాయి. చివరికి నందిగామలో ఎరువుల షాపున్న సాయిప్రసాద్ “విజిలైతే ఏంటి, ఉద్యోగమే గదా” అని చేసుకున్నాడు. అప్పటి నుంచి ఆమె రోజూ నందిగామలో పొద్దున్నే బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర దిగి, ఆటోలో జగ్గయ్యపేట వస్తుంది. సాయంత్రం అదే దారిన ఇంటికి.

చేరిన కొత్తలో, 1994లో, ఇంకా పెళ్లి కాకముందు, స్కూలుకి ట్రాక్ లేదు. టేపు కొనమంటే హెడ్మాస్టరు “పిల్లలు పరిగెత్తడానికి టేపెందుకమ్మా” అన్నాడు. నాగవల్లి కొట్లోంచి నాన్న మీటరు కడ్డీ పట్టుకొచ్చింది. రెండు రోజులు తెల్లారగట్ల నేల మీద వంగి, కడ్డీ మీద కడ్డీ పెట్టుకుంటూ మూడు వందలసార్లు కొలిచింది. తొమ్మిదింటికి కొట్టు తెరిచేసరికి కడ్డీ గల్లా పక్కన ఉండాలి. “జాకెట్టు ముక్కలు కొలిచే కడ్డీతో నేల కొలుస్తావేంటే!” అని వాళ్ల నాన్న విసుక్కున్నాడు.

కొలత తేలాక పని తేలికైంది. గ్రౌండుకి రెండు కొసలా రెండు మేకులు పాతి, ఒక్కో మేకుకి ఇరవై ఐదున్నర మీటర్ల తాడు కట్టి తిప్పుతూ సున్నం పోస్తే రెండు అరచంద్రాలు వస్తాయి. వాటి చివరలు కలిపితే రౌండు. సరిగ్గా మూడు వందల మీటర్లు. ఐదు రౌండ్లు కొడితే పదిహేను వందలు. బోర్డు మీద పదిహేను వందల మీటర్లని రాయబోతే, “పిల్లలకి మీటర్లు ఏం తెలుస్తాయి, రౌండ్లని రాయండి” అన్నాడు అదే హెడ్మాస్టరు. రౌండ్లని రాసింది. ఏటా తొమ్మిదో తరగతిని ఐదు రౌండ్లు పరిగెత్తించి, ఎవరికెంత పట్టిందో, తరగతి మొత్తానికి సగటున ఎంత పట్టిందో వార్షికోత్సవంలో చదివేది.

కొత్త తరగతి గదులు వచ్చిన ఏడు అరచంద్రం గోడకి తగిలింది. నాగవల్లి తాడు మూడు మీటర్లు కుదించి ముడేసింది. ‘సెలవుల్లో మళ్లీ కొలిచి, ఎన్ని రౌండ్లో సరిచేద్దాం’ అనుకుంది. సెలవుల్లో అత్తగారికి ఆపరేషన్ అయింది. ఆ ఏడు కూడా పిల్లలు ఐదు రౌండ్లే పరిగెత్తారు. సగటు కిందటేడు ఎంతో అంతే వచ్చింది. నేల తగ్గింది కదా, టైము కూడా తగ్గాలి కదా అన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చింది. వచ్చి, ఏదో పనిలో పడి పోయింది. బస్సుల షెడ్డు కట్టినప్పుడు రెండో ముడి, షాపులు కట్టినప్పుడు మూడో ముడి పడ్డాయి. రౌండు మాత్రం రౌండే. సగటు కదల్లేదు.

నందిగామలో డ్రిల్లు మాస్టర్లంతా కలిసినప్పుడు ఒకటే ఏడుపు. పిల్లలు రెండు నిమిషాలు పరిగెత్తితే నడుం పట్టుకుంటున్నారని, ఇదివరకు వాళ్ల నాన్నలు ఇలా ఉండేవాళ్లు కాదని. నాగవల్లి నెమ్మదిగా, “మా స్కూల్లో అలా లేదండీ. తండ్రులకెంత పట్టిందో పిల్లలకీ అంతే పడుతోంది” అనేది. కిటుకేంటని అడిగితే “క్రమశిక్షణ” అని చెప్పేది. ఒకసారి పేపరు జిల్లా ఎడిషన్‌లో ఫోటోతో సహా వేశారు. ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి లోపల అంటించుకుంది. అబద్ధమాడుతున్నానని ఆమె అనుకోలేదు. టైము నిజమే. పిల్లల పేర్లు నిజమే. రౌండు ఒక్కటే నిజం కాదు.

*

ఆదివారం పొద్దున ఆమె మళ్లీ జగ్గయ్యపేట వచ్చింది. కొత్త బిల్డింగు కోసం కాంట్రాక్టరు మనుషులు వదిలివెళ్లిన యాభై మీటర్ల టేపు వాచ్‌మన్ గదిలో ఉంది. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. స్కూల్లో ఆయాగా చేస్తున్న పుష్పవతి వరండాలు కడగడానికి వచ్చింది. రమ్మంటే చీపురు పక్కన పడేసి వచ్చింది.

సున్నం గీత వెంట టేపు పరుచుకుంటూ ఇద్దరూ చుట్టూ తిరిగారు. పావుగంట కూడా పట్టలేదు.

“రెండొందల ముప్ఫై ఒకటి,” అంది నాగవల్లి.

“అంటే ఎంతండీ?”

“మూడొందలుండాలి.”

“మరి మిగతాది ఏమైందండీ?”

“కొంత బస్సుల షెడ్డులో ఉంది. కొంత అదిగో, ఆ సెల్‌ఫోన్ షాపులో ఉంది.”

పుష్పవతి నవ్వింది. నవ్వుతూనే ఏదో లెక్క కుదిరినట్టు ఆగిపోయింది. “అయితే టీచరు గారూ, నేను కొట్టిన ఐదు రౌండ్లూ మా దేవి కొట్టిన ఐదు రౌండ్లూ ఒకటి కాదన్నమాట.”

“కాదు. నువ్వు ఆగిన టైముకి అది ఇంకా రౌండున్నర వెనక ఉన్నట్టు.”

“అమ్మో! అంత గట్టిదాన్నా నేను?”

నలభై రెండేళ్ల మనిషి మొహంలో క్షణంపాటు పద్నాలుగేళ్ల పిల్ల కనబడింది. వెంటనే పోయింది. “దానికి చెప్పకండి టీచరు గారూ. ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టుకుంది. వచ్చినోళ్లందరికీ చూపిస్తది, అమ్మని కొట్టానని.”

“చెప్పకపోతే గ్రౌండు పోద్ది పుష్పా. కమిటీ వాళ్లకి చెప్పాలి. పిల్లల దమ్ము పావు వంతు పోయిందని, మిగిలింది కూడా పోతుందని చెప్పాలి.”

“దమ్మేంటండీ దమ్ము!” అంది పుష్పవతి. గొంతులో కాస్త కోపం. “పెనుగంచిప్రోలు రోడ్డులో రెండు కిలోమీటర్లవతల మా ఇల్లు. మధ్యాహ్నం బెల్లు కొడితే ఇంటికెళ్లి అన్నం తినొచ్చేదాన్ని. గంటలో పోయి రావాలి. అమ్మ మిరపచేలో ఉంటే నేనే వార్చుకుని తినాలి. లేటైతే గేటు దగ్గర నిలబెట్టేది ఎవరు, మీరే గదా! పరిగెత్తక చస్తానా? దానికి ఆ బాధ లేకుండా ఇక్కడే భోజనం, స్కూటీ మీద రానూపోనూ. నేను పరిగెత్తింది చాల్లేదా అండీ, మళ్లీ అది కూడా పరిగెత్తాలా?”

నాగవల్లి వంగి టేపు చుట్టడం మొదలుపెట్టింది.

*

టైముల తేడా కాగితం మీద చూపిస్తే కమిటీ నమ్మదని, సోమవారం మొదటి పీరియడ్‌లో ఆమె తొమ్మిదీ పదీ తరగతులను నిజంగానే పదిహేను వందల మీటర్లు పరిగెత్తించింది. ఇప్పటి గ్రౌండు మీద అది ఆరున్నర రౌండ్లు.

“ఐదే గదా మేడం ఉండేది?” అంది దేవిశ్రీ. ఇప్పుడు పదిలోకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, తల్లి పోలికే.

“ఇవాళ ఒకటిన్నర ఎక్స్‌ట్రా.”

ఐదు రౌండ్ల వరకు దేవిశ్రీ అందరికంటే ముందుంది. ఆరో రౌండు సగంలో చెయ్యి డొక్కలోకి పోయింది. ఆ తర్వాత నడిచింది. చివరి సగం రౌండు మళ్లీ పరిగెత్తబోయి దగ్గుకుంటూ నడిచింది. తొమ్మిది నిమిషాల రెండు సెకన్లు. డెబ్భై నాలుగు మందిలో యాభై మంది పైగా నడిచారు. ఆరుగురు షెడ్డు నీడలో కూలబడ్డారు. ఒకడు నిలబడి వాంతి చేసుకుంటుంటే వాడి స్నేహితుడు వీడియో తీయడానికి ఫోన్ లేదే అని బాధపడ్డాడు. వీళ్లలో ఎవరూ బద్ధకస్తులు కారు. పొద్దున ఆరింటికి ట్యూషన్, సాయంత్రం ఏడు దాకా స్టడీ అవర్, మధ్యలో బస్సు. వాళ్లని ఎవరూ పరిగెత్తమనలేదు. పరిగెత్తాల్సిన అవసరం ఎక్కడా లేకుండా పెద్దవాళ్లు కష్టపడి అన్నీ అమర్చారు.

“టిఫిన్ తినలేదు మేడం, అందుకే,” అంది దేవిశ్రీ ఎగశ్వాసలో. “రికార్డు నాదే గదా?”

“బోర్డు మీద నీ పేరే ఉంది,” అంది నాగవల్లి. అది జవాబు కాదని ఆమెకు తెలుసు. ఆ పిల్లకి తెలియలేదు.

*

కమిటీ అంటే నలుగురు. భవానీప్రసాద్ కాక, లెక్కలోకి వచ్చే మనిషి రామకోటేశ్వరరావు. మిర్చి వ్యాపారం, డెబ్భై ఏళ్లు. మాట సూదిలా ఉంటుంది, పైగా నవ్వుతూ అంటాడు. నాగవల్లి మూడు ముళ్ల తాడు బల్ల మీద పెట్టి, ఏ ముడి ఏ ఏడు వేసిందో చెప్పింది. టేపు కొలత చెప్పింది. సోమవారం టైములు చదివింది. మొదటి ముడి పడ్డప్పటి నుంచీ వార్షికోత్సవంలో తాను చదివిన సగట్లన్నీ తప్పని చెప్పింది.

“అంటే ఇన్నేళ్లుగా మాకు దొంగ కొలత వేశావన్నమాట తల్లీ,” అన్నాడు రామకోటేశ్వరరావు. “మీ నాన్న కడ్డీ మాత్రం ఎప్పుడూ మీటరే ఉండేదే! ఆయన మీద ఒక్కడు వేలెత్తి చూపలా.”

మిగతా ఇద్దరూ నవ్వారు. బట్టల కొట్టు ఇంటి ఆడపడుచుని అంతకంటే పెద్ద మాట అనలేరు. నాగవల్లి చెవులు ఎర్రబడ్డాయి.

“నాదే తప్పు బాబాయి గారూ. కాదనను. కానీ ఈ తప్పుని సాకుగా పెట్టుకుని గ్రౌండు తీసేస్తామంటే ఊరుకోలేక చెబుతున్నా. గ్రౌండు తగ్గేకొద్దీ పిల్లల దమ్ము తగ్గింది. అంతకంతా సరిపోయింది కాబట్టి ఇన్నాళ్లూ కనపడలా.”

భవానీప్రసాద్ తాడు చేతిలోకి తీసుకుని ముళ్లు తడిమాడు. అతనికి కోపం రాలేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

“సరే అక్కయ్యా. పావు వంతు పోయింది, ఒప్పుకున్నా. ఒక్కటడుగుతా. మిగతా స్కూళ్ల మాస్టర్లు కూడా ఇదే ఏడుస్తారని నువ్వేగా చెప్పేదానివి? వాళ్లలో ఐదెకరాల గ్రౌండున్నోళ్లు లేరా?”

“ఉన్నారు.”

“అక్కడ అంగుళం పోలేదు గదా. మరక్కడెందుకు తగ్గింది?”

ఆమె టైముల కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

“అంటే గ్రౌండు ఉన్నా పోద్ది, లేకపోయినా పోద్ది. పోయినవారం దాకా ‘పిల్లలు తగ్గలేదు కాబట్టి గ్రౌండు అక్కర్లేదు’ అనుకున్నా. ఇప్పుడేమో ‘ఎట్లాగూ తగ్గారు కాబట్టి గ్రౌండు దేనికి’ అనిపిస్తోంది. నువ్వే చెప్పు, తప్పా?”

“ఉన్నా పరిగెత్తట్లేదు ప్రసాదూ, నిజమే,” అంది నాగవల్లి. ఆఫీసులో ఎప్పుడూ ప్రసాద్ గారూ అనేది. ఆ రోజు నోరు జారింది. “లేకపోతే పరిగెత్తాలన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.”

“గుర్తున్నోళ్లు ఇప్పుడెవరున్నారు? ఏడాదికి మూడు పేరెంట్స్ మీటింగులు పెడతాం. ఏసీ అడిగారు, ఫిల్టర్ నీళ్లు అడిగారు. ఒక్కడన్నా మా వాడికి ఆయాసం వస్తోందని అడిగాడా?”

అడగలేదు. ఆ మీటింగులన్నిటికీ ఆమె కూడా వెళ్లింది.

తీర్మానం ఐదు నిమిషాల్లో అయిపోయింది. కనీసం బోర్డు చెరిపి సరిగ్గా రాయనివ్వమని అడిగింది నాగవల్లి. వద్దన్నారు. అడ్మిషన్ల కరపత్రంలో దేవిశ్రీ ఫోటో వేశారట, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంచారట. “అది మన కొలత, మన రౌండు,” అన్నాడు రామకోటేశ్వరరావు లేస్తూ. “మన గోడ మీద మనం రాసుకుంటే ఎవడు కాదంటాడు?”

*

నలుగురు కూర్చున్న గదిలో మాట ఆ ఊళ్లో సాయంత్రం దాకా ఆగదు. ఆఫీసు గుమాస్తా విన్నాడు, స్టాఫ్‌రూములో చెప్పాడు, మర్నాడు ప్రేయర్‌కి ముందే పదో తరగతికి తెలిసిపోయింది. వెనక బెంచీల్లోంచి ఎవరో “పావు తక్కువ ఛాంపియన్” అన్నారట.

ఇంటర్వెల్‌లో దేవిశ్రీ ఆటసామాన్ల గది గుమ్మంలో నిలబడింది.

“మేడం, నేను ఫస్ట్ కాదా?”

“మీ క్లాసులో ఫస్టే.”

“మా అమ్మ మీద?”

“కాదమ్మా.”

“అమ్మకి తెలుసా?”

“తెలుసు. కొలిచేటప్పుడు టేపు పట్టుకుంది తనే.”

ఆ పిల్ల ఏడవలేదు. మళ్లీ పరిగెత్తుతానని, ఈసారి సరిగ్గా కొలిచి పెట్టమని అడుగుతుందేమోనని నాగవల్లి ఎదురుచూసింది. అడిగితే, కమిటీ ఏమన్నా సరే, హైవే పక్కనైనా సరే పరిగెత్తించేది. దేవిశ్రీ అడగలేదు. “ఓకే మేడం” అని వెళ్లిపోయింది.

సాయంత్రం పుష్పవతి గేటు దగ్గర ఎదురైంది. “చెప్పొద్దన్నా గదండీ,” అంది. “గ్రౌండన్నా మిగిలిందా?”

“లేదు.”

“మరెందుకు చెప్పారు?”

పుష్పవతి స్కూటీ స్టార్ట్ చేసింది. దేవిశ్రీ వెనక ఎక్కి కూర్చుంది. మామూలుగా నవ్వుతూ చెయ్యి ఊపే పిల్ల ఆ రోజు బ్యాగు ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపు చూసింది.

*

ఆగస్టుకల్లా గ్రౌండులో పునాది గుంతలు తవ్వారు. వాన నీళ్లు నిండి అవి చిన్న చిన్న చెరువుల్లా ఉన్నాయి. చుట్టూ ఆకుపచ్చ పరదా కట్టారు. డ్రిల్లు పీరియడ్లు పాత బిల్డింగు డాబా మీదికి మారాయి. రెండంతస్తులు ఎక్కి పైకి వెళ్లాలి. నలభై నిమిషాల పీరియడ్‌లో ఎక్కడానికి, ఎక్కాక ఊపిరి కూడదీసుకోవడానికి పది నిమిషాలు పోతున్నాయి. పైన చేసేది చేతులు చాచడం, ముడవడం. గెంతితే కింద ఎనిమిదో తరగతికి పెచ్చులు రాలుతున్నాయని కబురొచ్చింది.

నాగవల్లి రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. నందిగామ మీటింగులకి ఈ మధ్య వెళ్లడం లేదు. కాళ్ల నొప్పులని చెబుతోంది. బీరువా తలుపుకున్న పేపరు ముక్క చింపేసింది. జిగురు మరక మాత్రం పోలేదు. పోయేలా రుద్దలేదు కూడా.

ఒక గురువారం పదో తరగతిని పైకి తీసుకెళుతోంది. పిల్లలు వాగుకుంటూ ముందు ఎక్కిపోయారు. రెండో అంతస్తు మలుపులో కొందరు ఆగిపోయారు. వాళ్లలో దేవిశ్రీ ఉంది. గోడకి చెయ్యి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, తల వంచుకుని నిలబడింది. వెనక వస్తున్న నాగవల్లికి కూడా ఆయాసంగానే ఉంది. యాభై ఏడేళ్లు, పొద్దున్నే బస్సు. అలవాటుకొద్దీ వాచీ ఉన్న ఎడమ చెయ్యి పైకి లేచింది. ఈ పిల్లకి ఊపిరి ఎంతసేపట్లో కుదుటపడుతుందో చూద్దామని.

దేవిశ్రీ తలెత్తకుండానే ఆ చేతిని చూసింది.

“టైము చూడకండి మేడం.”

నాగవల్లి చెయ్యి దించేసింది. పైకి ఇంకా పన్నెండు మెట్లున్నాయి. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.